జబ్బుల పేర్లూ, మన ఇంటి మాటలూ

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఆసుపత్రి మెట్లు దిగి వస్తున్న ఆడవాళ్ళను "డాక్టరుగారు ఏమన్నారమ్మా?" అని అడిగి చూడండి. "ఏందో ఇంగ్లీషు పేరు చెప్పినారు, మాత్రలు రాసిచ్చినారు" అంటారు చాలామంది. చీర కొనబోతే జరీ అసలుదా నకిలీదా, రంగు దిగుతుందా అని అంగడివాణ్ణి పదిసార్లు అడిగే మనం, ఒంట్లోకి వచ్చిన జబ్బు పేరుకు అర్థమేమిటని మాత్రం అడగం. అడిగితే ఏమనుకుంటారోనని జంకు. పెద్ద చదువులు చదివితేగాని తెలియదని ఒక నమ్మకం. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఈ ప్రసంగాల కోసం నిఘంటువులు తిరగేయడం మొదలుపెట్టాక తెలిసిందేమంటే, ఆ గంభీరమైన పేర్లన్నీ ఒకనాడు ఎవరో ఒకరి ఇంటి మాటలే. కంటికి కనబడినదాన్ని, చేతికి తగిలినదాన్ని బట్టి పెట్టుకున్న పేర్లు. వాటి చరిత్ర కొంత మన చిత్తూరు జిల్లాలోనే నడిచింది కూడా.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మనవాళ్ళకు ఒంట్లో అన్నీ కాయలే! తలకాయ, మెడకాయ, గుండెకాయ. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తోలుతిత్తిని చూసినవాళ్ళెవరో "ఊపిరితిత్తి" అన్నారు. ఎంత చక్కని మాట! అది ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, గాలి ఆడిస్తుంది. లంగ్స్ అంటే తెలిసేదానికన్నా ఊపిరితిత్తులంటేనే పని కూడా తెలుస్తుంది. మాంసం కొట్టులో కార్జం అని అడిగి తెచ్చుకునేదే డాక్టరుగారి లివరు, పిల్లల పాఠ్యపుస్తకంలోని కాలేయం. శాకాహారులు మన్నించాలి, వేరే ఉదాహరణ దొరకలేదు. మూత్రపిండంలో పిండమంటే ముద్ద, అంతే. "రక్తపోటు"లో పోటు సముద్రపు ఆటుపోట్లలోని పోటు, అంటే రక్తం గోడలను తోసుకుంటూ పోయే ఒత్తిడి. ఆ ఒత్తిడి బతికున్న ప్రతి మనిషికీ ఉంటుంది. "నాకు బి.పి. ఉంది" అనడం "నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది" అనడం వంటిది. ఎంత ఉంది అన్నదే ప్రశ్న. "గుండెపోటు"లో పోటు మాత్రం వేరు, అది కత్తిపోటులోని పోటు. అయితే ఈ మాట మనల్ని కొంచెం మోసం చేస్తుంది. ఆడవాళ్ళకు గుండెజబ్బు వచ్చినప్పుడు ఒక్కోసారి పోటే ఉండదు. ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం, దవడలోనో వీపులోనో నొప్పి, చెప్పలేని నీరసం, ఇవే ఉండవచ్చు. పోటు లేదు కదా, గ్యాసేమో అని సోడా తాగి పడుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మా అవ్వల కాలంలో చలిజ్వరంతో చిక్కిపోయిన పిల్లవాడి కడుపు తడిమి "లోపల బల్ల పెరిగింది" అనేవాళ్ళు. అది నిజంగా బల్లలాగే చేతికి గట్టిగా తగిలేది. మాటిమాటికీ వచ్చే మలేరియాతో ఉబ్బిన ప్లీహం అది. మలేరియా అన్నది ఇటలీవాళ్ళ ఇంటి మాట. "చెడ్డగాలి" అని అర్థం. మురుగుగుంటల మీది గాలి పీలిస్తే జ్వరం వస్తుందని వాళ్ళ నమ్మకం. గాలిది తప్పు కాదు, దోమది అని తేలింది మన తెలుగుగడ్డ మీదే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. నిజం తెలిసి నూట పాతికేళ్ళు దాటినా చెడ్డగాలి అన్న పేరు పోలేదు. జబ్బుల పేర్లతో ఇదొక చిక్కు. పెట్టిననాటి తప్పును కూడా తమతో మోసుకొస్తాయి.

మన మాటల్లో నాకు చాలా ఇష్టమైనది "అంటువ్యాధి". వంటింట్లో అంటు గిన్నెలు, తోటలో అంటు మామిడి, మధ్యలో అంటువ్యాధి. అన్నింటిలోనూ ఒకటి ఇంకొకదాన్ని తాకి పట్టుకోవడమే సంగతి. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని పెట్టి, శాస్త్ర విషయాలను తెలుగులో అచ్చువేయించడం మొదలుపెట్టారు. ఆచంట లక్ష్మీపతిగారు అటు ఇంగ్లీషు వైద్యమూ, ఇటు ఆయుర్వేదమూ తెలిసిన డాక్టరు. ఆయన రాసిన పుస్తకానికి పేరే "అంటువ్యాధులు". కంటికి కనబడని సూక్ష్మజీవిని తెలుగు ఇంటికి పరిచయం చేయడానికి ఆ కాలపు పెద్దలు ఇట్లా ఇంట్లో ఉన్న మాటను పట్టుకున్నారు. తర్వాత 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల కోసం పదకోశాలు తయారుచేసింది. గొప్ప పనే. కాని వాటిలో సంస్కృతం పాలు ఎక్కువై, కొన్ని మాటలు ఇంగ్లీషుకన్నా దూరమైపోయాయని నా అభిప్రాయం. ప్యాంక్రియాస్‌ను క్లోమం అన్నంత మాత్రాన మనకు ఒరిగిందేమిటి? కడుపు వెనకగా అడ్డంగా ఉండే ఒక గ్రంథి, అన్నం అరగడానికి రసాన్నీ, చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్‌నూ తయారుచేస్తుంది అని చెబితే కదా తెలిసేది!

ఇంటి మాటలన్నీ మంచివే అనడం లేదు. "అమ్మవారు" అన్న మాట చూడండి. తిరుపతి గంగమ్మ జాతర చూసిన మనకు ఆ మాటలోని భయభక్తులు వేరే చెప్పనక్కరలేదు. ఒంటిమీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అన్నారు. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. ఒక్కోచోట తట్టును కూడా అందులోనే కలిపేశారు. మొదటిది ఊళ్ళను తుడిచిపెట్టిన జబ్బు, బతికినా కళ్ళు పోగొట్టే జబ్బు. రెండోది చాలామంది పిల్లలకు వారం పదిరోజుల్లో తగ్గిపోయేది. రెండింటికీ ఒకటే పేరైతే, "మా పెద్దవాడికి పోసి పోయింది, ఏమీ కాలేదు" అని ధైర్యపడడానికి వీలుంటుంది. వేపమండలు కట్టి, బయటివాళ్ళను ఇంట్లోకి రానీయకపోవడం మాత్రం మంచి ఆచారమే. అది అంటు తెంచింది.

మశూచికి విరుగుడు 1796లో ఇంగ్లండులో జెన్నర్ కనిపెట్టాడు. ఆవుకు వచ్చే పొక్కుల రసంతో. లాటిన్‌లో ఆవును వాక్కా అంటారు, అందుకే వ్యాక్సిన్. 1802 జూన్‌లో బొంబాయిలో ఒక మూడేళ్ళ పాపకు మన దేశంలో మొట్టమొదటిసారి వేశారు. ఉత్తరాదివాళ్ళ మాటలో టీకా అంటే బొట్టు, గుర్తు. చేతిమీద మచ్చ పడుతుంది కాబట్టి ఆ పేరు మనకూ వచ్చింది. పద్యానికి టీకా తాత్పర్యం చెప్పే టీకా ఇది కాదన్నమాట. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో కనబడింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. పెద్దమ్మవారు పోయింది. చిన్నమ్మవారు ఇంకా వస్తూనే ఉంది, అది వేరే క్రిమి. ఆ క్రిమి తగ్గినట్టే తగ్గి నరాల్లో దాక్కుని, వయసు మీరాక నడుముకో ఛాతీకో పట్టీలాగా పొక్కులై లేస్తుంది. కుమ్మరివాళ్ళచేత ఎర్రమట్టి పూయించుకునే "అక్కి" అదే.

వాతాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ధనుర్వాతంలో ధనుస్సు ఉంది, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది కాబట్టి. బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేక పురిటిబిడ్డలను కొట్టుకుపోయిన జబ్బు ఇది. గర్భిణులకు సూదిమందు, శుభ్రమైన కాన్పు, ఈ రెండింటితో 2003లో దేశంలోనే మొదటగా ఆంధ్రప్రదేశ్ పురిటి ధనుర్వాతాన్ని వదిలించుకుంది. పక్షవాతంలో పక్షం అంటే ఒక వైపు. దాన్ని జనం పక్షివాతం చేసేశారు. ఆ పక్షి వల్లనే కాబోలు, పావురం నెత్తురు పూసే నాటువైద్యం పుట్టిందని నాకు అనుమానం. పడిపోయింది చేయి, కాలు. దెబ్బ తగిలింది తలలోని మెదడుకు. నెత్తురు గడ్డ అడ్డుపడినప్పుడు దాన్ని కరిగించే సూదిమందు నాలుగున్నర గంటల్లోపల వేస్తేనే పని. మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయి లేవకపోయినా పెద్దాసుపత్రికి పోవాలిగాని, పసరు మందు కోసం ఊళ్ళు తిరిగే జబ్బు కాదు.

ఇప్పుడు మదనపల్లె వెళదాం. 2022 దాకా అది మన చిత్తూరు జిల్లాలోని ఊరే. ఠాగూరు 1919లో తన జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరని అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది ఆ ఊరి పక్కనున్న ఆరోగ్యవరం గురించి.

అక్షయ తృతీయనాడు బంగారం కొనడానికి పోయేవాళ్ళకు "క్షయ" అంటే విడమరచి చెప్పాలా? తరిగిపోవడం. మనిషి రోజురోజుకూ తరిగిపోయే జబ్బు కాబట్టి క్షయ. దీనికే రాజయక్ష్మమని ఇంకో పేరు. దక్షుడి కూతుళ్ళు ఇరవైయేడుగురినీ పెళ్ళాడిన చంద్రుడు రోహిణి ఒక్కదాన్నే ప్రేమగా చూస్తే, మామగారు క్షయించిపొమ్మని శపించాడట. ఇంగ్లీషువాళ్ళూ మొదట ఇదే అర్థంతో కన్సంప్షన్ అన్నారు. ట్యూబర్‌క్యులోసిస్ అన్నది తర్వాతి పేరు. ట్యూబర్‌కిల్ అంటే చిన్న గడ్డ. చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తులు కోసి చూస్తే అవి కనబడ్డాయి. 1882 మార్చి 24న జర్మనీలో రాబర్ట్ కాక్ ఆ గడ్డల్లోని క్రిమిని చూపించాడు. మన పేరు బయటినుంచి మనిషిని చూసి పెట్టింది, వాళ్ళ పేరు లోపల చూసి పెట్టింది, అదే తేడా.

అయితే శాపం కథ ఉన్న జబ్బుకు సిగ్గు కూడా ఉంటుంది. ఇంట్లో క్షయ ఉందంటే ఆడపిల్లకు పెళ్ళి కాదు. అందుకని పేరు ఎత్తేవాళ్ళు కారు. దగ్గు అనేవాళ్ళు, నెమ్ము అనేవాళ్ళు. డెన్మార్కునుంచి వచ్చిన మిషనరీ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ 1912 ప్రాంతంలో మదనపల్లెలో కొద్దిమంది క్షయరోగులతో పని మొదలుపెట్టారు. కొన్ని మిషన్లు కలిసి 1915లో ఊరి బయట శానటోరియం కట్టించాయి. మదనపల్లె ఎత్తయిన ఊరు, గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. క్రిమిని చంపే మందు అప్పటికి ఎక్కడా లేదు. మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి, ఇవే వైద్యం. కొందరికి పక్కటెముకల మధ్య సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని కొన్నాళ్ళు ముడిచి ఉంచేవారు. పుండుపడ్డ కాలుకు నడక మాన్పించినట్టు! ఆ చోటుకు క్షయాశ్రమమని గాక ఆరోగ్యవరం అని పేరు స్థిరపడింది. జబ్బు పేరు లేని పేరు. కాని లోకం ఊరుకుంటుందా? మా అవ్వ చెప్పేది: "ఫలానావాళ్ళ కోడల్ని ఆరోగ్యవరానికి తీసకపోయినారు" అంటే చాలు, ఇంక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదట. అంత మంచి పేరూ గుసగుస మాటైపోయింది.

మనలో చాలామందికి ఎడమ భుజంమీద చిన్న మచ్చ ఉంటుంది చూడండి, బి.సి.జి. మచ్చ. బి. అంటే బాసిలస్, కడ్డీ ఆకారపు క్రిమి. సి., జి. అంటే కాల్మెట్, గెరాన్ అన్న ఇద్దరు ఫ్రెంచివాళ్ళ పేర్లు. పారిస్‌లో 1921లో మొదట ఒక పసిబిడ్డకు ఇచ్చారు. మన దేశంలో ఈ టీకాకు నాంది పలికిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. దాని పనితనాన్ని ఏళ్ళ తరబడి ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే పరీక్షించి చూశారు. 1955లో రాజాజీ అంతటివారు ఈ టీకా వద్దని పుస్తకమే వేశారు. పసిపిల్లలకు మెదడుకు పాకే భయంకరమైన క్షయనుంచి ఇది కాపాడుతుంది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను మాత్రం అంతగా ఆపలేదని తర్వాత చెంగల్పట్టులో చేసిన పెద్ద పరిశోధనలో తేలింది. కాబట్టి భుజంమీద మచ్చ ఉన్నంతమాత్రాన పెద్దవాళ్ళకు క్షయ రాదనుకోవడానికి లేదు.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. ఆ తర్వాత వరసగా మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో ఒక కేంద్రం పెట్టి, కొందరు రోగులను శానటోరియంలో, కొందరిని వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉండి మందు మింగినవాళ్ళూ అంత బాగానే నయమయ్యారు, ఇంట్లోవాళ్ళకు అదనంగా అంటుకున్నదీ లేదు. నా దృష్టిలో ఆడవాళ్ళ చరిత్రలో ఇది పెద్ద సంగతి. అంతకుముందు జబ్బు చేసిన కోడలంటే పిల్లలను వదిలి నెలల తరబడి దూరాన పడి ఉండవలసిన మనిషి. ఆ తర్వాత తన వంటింట్లో ఉండే మందు వేసుకోగలిగింది. ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి. క్షయకు కనీసం ఆరునెలల మందు, ఉచితంగా ఇస్తారు. అయినా రెండువారాలు దాటిన దగ్గును "వాతావరణం పడలేదు" అంటూ ఇంకా దాచేవాళ్ళున్నారు.

డాక్టర్ల పేర్లలో కొన్ని తోకలు తెలుసుకుంటే సగం భయం పోతుంది. చివర "ఐటిస్" అని ఉంటే వాపు. ఆర్థ్రైటిస్ కీళ్ళవాపు, టాన్సిలైటిస్ గొంతులోని గ్రంథుల వాపు. "ఓమా" అంటే గడ్డ, "ఎక్టమీ" అంటే కోసి తీసివేయడం. "బయాప్సీ" ఆపరేషనో క్యాన్సరో కాదు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. మా వీధిలో ఒకామె రిపోర్టులో "నెగెటివ్" అని చదువుకుని రాత్రంతా ఏడ్చింది. వెదికిన జబ్బు కనబడలేదని దానర్థం, శుభవార్త అన్నమాట. తెల్లవారి పక్కింటి కాలేజీ పిల్ల చెప్పేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. మనకు పొట్టా కడుపే, గర్భమూ కడుపే, నెలతప్పినా "కడుపుతో ఉంది" అనే అంటాం. "కడుపునొప్పి" అంటే డాక్టరు ఏమని అర్థం చేసుకోవాలి? రొమ్ములో గడ్డ తగిలితే ఆ మాట నోట రాక "గుండెల దగ్గర ఏదో ఉంది" అని చెప్పి, గుండె పరీక్ష చేయించుకుని తిరిగివచ్చేవాళ్ళున్నారు. గడ్డేమో అక్కడే పెరుగుతూ ఉంటుంది.

ఈ సిగ్గు ఎంత పాతదో మన పొరుగున ఉన్న వేలూరు చెబుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనమూ వాళ్ళూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, ముఖ్యపట్టణం చిత్తూరు. ఐడా స్కడ్డర్ అనే అమెరికా అమ్మాయి తిండివనంలో తలిదండ్రుల దగ్గర ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను పిలిచారట. "నేను డాక్టర్ని కాను, మా నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారు" అంటే ముగ్గురూ వద్దన్నారు, పరాయి మగవాడు చూడరాదని. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి డాక్టరు చదివి 1900లో వేలూరు వచ్చింది. 1918లో ఆడపిల్లల కోసమే వైద్య పాఠశాల పెట్టింది. తెలుగులో ఆ సిగ్గును వదిలించడానికి పూనుకున్నది లక్ష్మణరావుగారి కూతురు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. ఆమె రాసిన "ప్రసూతి - శిశుపోషణ" పుస్తకం ఎన్నో ఇళ్ళలో పెట్టె అడుగున దాచుకుని చదువుకున్నారు.

ఇంత జరిగినా "గర్భసంచి" అన్న ఒక్క మాట మనకు చేసిన చెరుపు నాకు మింగుడుపడదు. సంచి అన్నాక, పిల్లలు పుట్టడం అయిపోతే అది ఖాళీ సంచి. ఖాళీ సంచి ఇంట్లో ఎందుకు? "తీయించేసుకుంటే పీడ పోతుంది, లేకుంటే క్యాన్సరు అవుతుంది" అని ఎవరైనా అంటే సరేనంటాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటిలోకీ ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. నూటికి సుమారు తొమ్మిదిమంది. అది సంచి కాదమ్మా, జామకాయంత గట్టి కండ. దానికి అటూ ఇటూ ఉండే అండాశయాలు వేరు. ఒంటికి ఎముకల బలాన్నిచ్చే హార్మోన్లు వాటినుంచి వస్తాయి. చిన్న వయసులో వాటిని కూడా తీసేస్తే ముట్లుడిగే బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలు గుల్లబారతాయి. హిస్టరెక్టమీ అన్నప్పుడు ఏది తీస్తారు, ఏది ఉంచుతారు, ఫైబ్రాయిడ్ అంటే మామూలు కండగడ్డే కదా, మందులతో ఆగదా అని అడిగే హక్కు సంతకం పెట్టకముందే మనది. తప్పనిసరిగా తీయవలసిన జబ్బులూ ఉన్నాయి, కాదనను. వట్టి తెల్లబట్ట అందులోకి రాదు.

గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు వస్తుందేమోనని భయపడేవాళ్ళకు ప్యాప్ పరీక్ష ఉంది. కత్తి లేదు, కోత లేదు, అక్కడి తడిని చిన్న పుల్లతో తీసి గాజుపలక మీద పూసి చూస్తారు. ప్యాప్ అంటే దాన్ని కనిపెట్టిన గ్రీకు డాక్టరు పాపనికొలావు పేరులోని మొదటి ముక్క. ఆయన అమెరికాలో ఈ పరిశోధన చేస్తున్నప్పుడు రోజూ పరీక్షకు నమూనా ఇచ్చిన మనిషి ఆయన భార్య. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, ఇరవై ఏళ్ళకు పైగా.